యూనిసైకిల్ (ఒంటి చక్రం సైకిల్) మీద హాప్ (గెంతు) నిలవట్లేదు, గుట్టల్లో తొక్కేవాళ్లు కాస్త చెప్పండి

కొత్తచక్రం_నాగోల్ (శనివారం రాత్రి 9:40)

నమస్తే అందరికీ. నా దగ్గర 24 అంగుళాల మౌంటెన్ యూనిసైకిల్ ఉంది. మూడంగుళాల లావు టైరు, 150 మిల్లీమీటర్ల క్రాంకులు (పెడళ్లు బిగించే కడ్డీలు). బయటి దేశం నుంచి తెప్పించుకున్నాను. రోడ్డు మీద బాగానే తొక్కుతాను. స్పీడ్ బ్రేకర్లు దాటుతాను, గోడ పట్టుకోకుండా ఎక్కడం కూడా వచ్చేసింది. మన హైదరాబాద్‌లోనే ఖాజాగూడ గుట్టల వైపు మట్టి దారుల్లో తొక్కాలని నా కోరిక. అక్కడికి వెళ్తే మాత్రం పరువు పోతోంది. పిడికిలంత రాయి అడ్డొచ్చినా చక్రం ఠక్కున ఆగిపోతుంది, నేను ముందుకు దిగిపోతాను. ఆగిన చోటే రెండు గెంతులు గెంతి నిలదొక్కుకుంటే మళ్లీ తొక్కుకుంటూ పోవచ్చని తెలుసు. ఆ గెంతే కుదరట్లేదు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్రాక్టీస్ చేస్తున్నా. ఒకటి, రెండు... అంతే, చక్రం ముందుకు జారిపోతుంది. తొడలు మంట, ఆయాసం. వీడియోల్లో వాళ్లేమో కబుర్లు చెప్పుకుంటూ గెంతుతుంటారు. నాకు కాళ్లలో బలం చాలట్లేదా? జిమ్‌లో స్క్వాట్లు మొదలుపెట్టాలా? ఇంకో సంగతి, గెంతినప్పుడల్లా కింద ఎక్కడో "టక్" అంటోంది. అది మామూలేనా?

గుట్టదారి (శనివారం రాత్రి 10:15)

స్క్వాట్లు ఒంటికి మంచివే గానీ దీనికి మందు అది కాదు తమ్మీ. నువ్వు సీటు మీద కూర్చునే గెంతుతున్నావని నా అనుమానం. అలా చేస్తే కష్టం ఎక్కువ, లేచేది తక్కువ.

లేచి నిలబడు. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో, ఒకటి ముందు, ఒకటి వెనక. బరువు రెండు పాదాల మీదా చెరి సగం. ఒక చేత్తో సీటు ముందున్న పిడిని పట్టుకుని పైకి లాగి ఉంచు. కిటుకంతా ఈ లాగడంలోనే ఉంది. పాదాలు పెడళ్లకు అతికి ఉండవు కదా, మరి చక్రాన్ని నేల మీంచి లేపేది ఎవరు? ఆ చెయ్యే. పట్టు వదులైతే నువ్వొక్కడివే లేస్తావు, చక్రం కిందే ఉంటుంది.

ముందుకు జారడం ముందు కాలి పని. భయం వేయగానే ఎవరైనా ముందు కాలే నొక్కుతారు. దీనికి ఫ్రీవీల్ (పెడల్ ఆపినా చక్రం తిరిగే ఏర్పాటు) లేదు, పెడల్ అంగుళం దిగినా చక్రం కదిలినట్టే. వెనక పాదంతో కూడా అంతే గట్టిగా అదిమి ఉంచితే అదే నీ బ్రేకు.

సెల్లార్ అంటున్నావు, పిల్లర్లుంటాయి కదా. ఒక దాని పక్కన ఎక్కు. ఒక చెయ్యి పిల్లర్ మీద, ఒక చెయ్యి సీటు మీద. వెంటనే గెంతకు, ఊరికే నిలబడు. పిల్లర్ మీద మొదట అరచెయ్యి, తర్వాత రెండు వేళ్లు, తర్వాత ఒకటి. కాళ్ల వణుకు తగ్గాక గెంతు. టైరు నేల నుంచి బొటనవేలి మందం లేస్తే చాలు. కొత్తలో అందరూ చేసేది ఒకటే, ప్రతి గెంతూ ఎత్తుగా గెంతాలని చూడటం. ఎత్తు పెరిగేకొద్దీ తూలడమూ పెరుగుతుంది.

హాస్టల్_మెట్లు (శనివారం రాత్రి 11:50)

అన్నా ఏమనుకోకు, పిల్లర్ పద్ధతి నాకు అస్సలు పడలేదు. దానికి అలవాటు పడితే చెయ్యి తీసిన రోజు మళ్లీ మొదటికొస్తాం. నేను నేర్చుకున్నది వేరు. మెల్లగా తొక్కుకుంటూ వచ్చి, నచ్చిన కాలు ముందుకొచ్చి పెడళ్లు సమానంగా ఉన్నప్పుడు ఆగడం, ఒక్క గెంతు గెంతడం, వెంటనే తొక్కుకుంటూ పోవడం. అది కుదిరాక రెండు. ఆ తర్వాత మూడు. గుట్ట మీద కావాల్సింది ఇదే కదా. నిలబడిన చోట యాభై గెంతులు గెంతగలిగినా, అక్కడి నుంచి కదలడం రాకపోతే దిగి నడవాల్సిందే.

గుట్టదారి (ఆదివారం ఉదయం 6:05)

పాయింటే. కానీ నువ్వు పడితే లేచి దులుపుకుని పోయే వయసు. ఆయనకు ముందు వణుకు తగ్గాలి. పిల్లర్ దగ్గర మొదలుపెట్టి, కాస్త నిలదొక్కుకున్నాక నీ పద్ధతిలోకి మారమందాం. గొడవే లేదు.

నట్టూబోల్టూ (ఆదివారం ఉదయం 8:30)

గెంతుల సంగతి మీరు చూసుకోండి, నాకు ఆ "టక్" మీదే ధ్యాస. సార్, మూడు చెప్పండి. ఒకటి, క్రాంకు చక్రం మధ్యలోని హబ్‌కి తగిలే చోట ఇరుసు నలుచదరంగా ఉందా, చుట్టూ పళ్లున్నట్టు గాడులు ఉన్నాయా? రెండు, ఈ మధ్య చక్రం ఎవరైనా విప్పారా? మూడు, సీటు మీద కూర్చున్నప్పుడు మీ ఎడమ కాలి కిందున్న క్రాంకు మీద ఏ అక్షరం ఉంది?

నలుచదరం అయితే గెంతులు ఇవాళే ఆపేయండి. సర్కస్ సైకిళ్లకూ, పిల్లల యూనిసైకిళ్లకూ వచ్చేవి అవే. చదును మీద తొక్కడానికి ఢోకా లేదు. గెంతి దిగితే మాత్రం ఒంటి బరువుకు కొన్ని రెట్లు ఆ నాలుగు మూలల మీద పడుతుంది. అల్యూమినియం క్రాంకు లోపలి చదరం మెల్లగా అరిగి గుండ్రమవుతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. దూకడానికి గాడుల హబ్బే కావాలి, దాన్నే స్ప్లైన్ అంటారు. ఐసిస్ అనే రకం ఇప్పుడు ఎక్కువగా వస్తోంది.

కొత్తచక్రం_నాగోల్ (ఆదివారం మధ్యాహ్నం 1:20)

ఇరుసుకు గాడులే ఉన్నాయి. చక్రం విప్పిన మాట నిజం. పోయిన నెల ముల్లు దిగితే మా వీధి పంక్చర్ షాపులో చక్రం మొత్తం ఊడదీసి ట్యూబు మార్చాడు. ఎడమ కాలి కింద క్రాంకు మీద "ఆర్" అని ఉంది. అంటే?

నట్టూబోల్టూ (ఆదివారం మధ్యాహ్నం 1:35)

అంటే చక్రం ఉల్టా పెట్టేశాడు! వెంటనే తొక్కడం ఆపండి. "ఆర్" కుడి కాలి కింద ఉండాలి, "ఎల్" ఎడమ కాలి కింద.

మామూలు సైకిల్‌కైతే చైను ఒక పక్కే ఉంటుంది కాబట్టి ఈ పొరపాటు జరగదు. దీనికి చైను లేదు, రెండు పక్కలూ ఒకేలా కనిపిస్తాయి, పాపం ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది. సంగతేంటంటే కుడి పెడల్‌కు మామూలు థ్రెడ్ (మర), ఎడమ పెడల్‌కు ఉల్టా థ్రెడ్ ఉంటాయి. ముందుకు తొక్కుతుంటే రెండూ బిగుసుకునే దిశలో ఉండాలని అలా చేశారు. చక్రం తిరగేస్తే తొక్కుతున్న కొద్దీ రెండూ వదులవుతాయి. మీ "టక్" అదే. పెడల్ క్రాంకులో కొంచెం ఊగుతోంది. ఇలాగే గెంతితే అల్యూమినియం థ్రెడ్ పీకేసుకుని పెడల్ చేతికొస్తుంది. అప్పుడిక కొత్త క్రాంకే దిక్కు.

15 నంబర్ పానా తీసుకుని రెండు పెడళ్లూ విప్పి చూడండి. బయటికొచ్చిన ఇరుసు మీద వెండి రంగు పొడి గానీ సన్నటి తీగలాంటి తునకలు గానీ ఉంటే అవి క్రాంకు లోపలి థ్రెడ్‌వే. తునకలు లేకపోతే బతికిపోయినట్టే. గుడ్డతో తుడిచి, కొద్దిగా గ్రీజు రాసి, మొదటి చుట్లు చేత్తోనే ఎక్కించండి. చేత్తో ఎక్కకపోతే పానా వాడొద్దు, థ్రెడ్ అడ్డం పడుతోందని అర్థం. చక్రం తిప్పి పెట్టేటప్పుడు బేరింగ్ మీది కప్పుల బోల్టులు మరీ బిగించకండి. బేరింగ్ నలిగితే చక్రం బరువుగా తిరుగుతుంది.

గేర్లుంటేనే_సైకిల్ (ఆదివారం మధ్యాహ్నం 3:00)

ఒక అమాయకపు ప్రశ్న. రెండు చక్రాలు, గేర్లు, సస్పెన్షన్, బ్రేకులు ఉన్న బండి మీద అదే గుట్ట హాయిగా దిగొచ్చు కదా? ఈ సర్కస్ ఎందుకు బాబూ?

ఒకేచక్రం_సైనిక్‌పురి (ఆదివారం సాయంత్రం 5:45)

హాయిగా దిగాలనుకునేవాళ్లు లిఫ్టులో కూడా దిగొచ్చండి :)

ఇది ఊరికే విన్యాసం కాదు. అలాస్కాలోని సీవార్డ్‌లో జార్జ్ పెక్ అనే ఆయన, కెనడాలో క్రిస్ హోమ్ అనే ఆయన ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే కొండదారుల్లో దీన్ని తొక్కడం మొదలుపెట్టారు. అంతర్జాతీయ యూనిసైక్లింగ్ ఫెడరేషన్ 1982 నుంచీ ఉంది. రెండేళ్లకోసారి జరిగే యూనికాన్ పోటీల్లో కొండ దిగే రేసులున్నాయి, అడ్డంకుల మీద కాలు కింద పెట్టకుండా దాటే ట్రయల్స్ ఉన్నాయి, ఎత్తు దూకడం, పొడవు దూకడం ఉన్నాయి.

ఇక నాగోల్ తమ్ముడికి. నేను నలభై దాటాక మొదలుపెట్టాను, కాబట్టి కుర్రాళ్లు చెప్పని సంగతులు కొన్ని చెబుతాను.

సీటు దించు. రోడ్డు మీద తొక్కడానికి కాలు దాదాపు నిటారుగా చాచే ఎత్తు బాగుంటుంది. గెంతడానికి మోకాలు వంచే జాగా కావాలి. నాలుగైదు సెంటీమీటర్లు దించితే తేడా నీకే తెలుస్తుంది. గాలి సంగతి కూడా. మూడంగుళాల టైరుకు డెబ్భై కిలోల మనిషి 20 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టొచ్చు. ఎక్కువైతే బంతిలా ఎగిరి ఎటో పడేస్తుంది. తక్కువైతే పక్కకు దిగినప్పుడు టైరు రిమ్ము కింద మడతపడుతుంది. రిమ్ము నేలకు తగిలిన చప్పుడు ఒక్కసారి విన్నా ఇంకో రెండు పీఎస్ఐ కొట్టు.

అన్నిటికన్నా ముఖ్యం, పడబోయే వైపుకే గెంతాలి. ముందుకు తూలితే చక్రాన్ని ముందుకు గెంతించి మన కిందకు తెచ్చుకోవాలి, కుడికి ఒరిగితే కుడికి. మన బుద్ధేమో ఎదురు దిక్కుకు లాగుతుంది. కళ్లు చక్రం మీద పెట్టకు. సెల్లార్‌లో ఎదురుగా కనిపించే కారు నంబర్ ప్లేటు చూస్తూ గెంతు.

పిక్కల ముందు ఎముకకు షిన్ గార్డులు, చేతులకు మణికట్టు గార్డులు, హెల్మెట్. వీటి మీద చర్చ లేదు. మెటల్ పెడళ్లకుండే పిన్నులు పాదం జారిన క్షణంలో కాలి ఎముక మీద గీసేస్తాయి. నా ఎడమ కాలి మీద వరసగా నాలుగు తెల్ల మచ్చలు, దువ్వెనతో గీసినట్టు సమాన దూరంలో ఉంటాయి. నేర్చుకునేదాకా ప్లాస్టిక్ పెడళ్లు వేసుకో.

కొత్తచక్రం_నాగోల్ (సోమవారం రాత్రి 10:10)

నట్టూబోల్టూ అన్నా, మీకు దండం! పెడల్ చేత్తోనే తిరిగింది. తునకలేమీ లేవు, నల్లటి జిడ్డు మాత్రమే. చక్రం తిప్పి పెట్టాను, గ్రీజు రాశాను, "టక్" పోయింది. అక్కా, సీటు దించాను. నిలబడి చేస్తే నిజంగానే తొడల మంట తగ్గింది.

ఇప్పుడు కొత్త సమస్య. ఏడింటికి గెంతడం మొదలుపెట్టగానే పై ఫ్లాట్ ఆంటీ వాచ్‌మన్‌ని పంపిస్తున్నారు. దబ్ దబ్ మని వినిపిస్తోందట. టెర్రస్ మీదకి పోనా?

గుట్టదారి (సోమవారం రాత్రి 10:40)

టెర్రస్ మాత్రం వద్దు. కింద ఫ్లాట్‌వాళ్లకు సీలింగ్ మీద ఇంకా గట్టిగా వినిపిస్తుంది, పైగా వానాకాలం పైకప్పు కారితే తప్పంతా నీ చక్రం మీదకే వస్తుంది. కాలనీ పార్కులో గడ్డి మీద చెయ్. గడ్డి మీద గెంతు తక్కువ లేస్తుంది గానీ పడితే నొప్పుండదు. చక్రం కూడా అంత తేలిగ్గా జారదు, నీకిప్పుడు అదే కావాలి.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఆ 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది కదా, నీడా ఉంటుంది, నేలా చదును. మామూలుగా తొక్కడానికి బ్రహ్మాండం. అక్కడ ఆగి గెంతుతూ కూర్చోకు. వెనక నుంచి స్పీడుగా వచ్చే సైకిళ్లకు అడ్డం. కొత్తగూడ పాలపిట్ట సైకిల్ పార్కుకైనా ఇదే మాట.

మోకాలు_ముఖ్యం (మంగళవారం ఉదయం 7:15)

ఫిజియోథెరపిస్టుని. యూనిసైకిల్ నాకు రాదు, మోకాళ్లు వచ్చు.

దిగేటప్పుడు కాళ్లు నిటారుగా పెట్టొద్దు. మోకాలు, చీలమండ, తుంటి మూడూ వంగి ఉంటే దెబ్బ మూడు చోట్లా పంచుకుంటుంది. నిటారుగా దిగితే అంతా మోకాలి చిప్ప కిందికి పోతుంది. రోజూ కాంక్రీటు మీద గంటలు గంటలు గెంతొద్దు, రోజు విడిచి రోజు చాలు. చిప్ప కింద నొప్పి మర్నాటి ఉదయం మెట్లు దిగేటప్పుడు కూడా ఉంటే తగ్గేదాకా ఆపాలి. వాపు వస్తే డాక్టర్‌కి చూపించాలి.

పెడల్ పిన్ను గీరుకుంటే పసుపు అద్ది వదిలేయడం కాదు. సబ్బుతో, పారే నీళ్లతో బాగా కడగండి. మట్టి పడిన గాయమైతే చివరి టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఐదేళ్లు దాటిందేమో చూసుకోండి.

హాస్టల్_మెట్లు (మంగళవారం రాత్రి 11:30)

నాగోల్ అన్నా, నిలబడి గెంతడం వచ్చాక పక్కకు గెంతడం నేర్చుకో, అసలు మజా అక్కడుంది. ఫ్యాక్టరీల దగ్గర పడేసే చెక్క ప్యాలెట్ ఒకటి సంపాదించు. యూరో ప్యాలెట్ అయితే 14.4 సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు ఫుట్‌పాత్ అంచంత. అది దాటాక దాని మీద ఇంకోటి. ట్రయల్స్ వాళ్లు ప్యాలెట్ల లెక్కనే మాట్లాడుకుంటారు.

ప్యాలెట్‌కు పక్కగా, చక్రం దానికి సమాంతరంగా నిలబడు. రెండు చిన్న గెంతులు, మూడోదానికి బాగా కుంగు. లేచే ముందే ఒళ్లు ప్యాలెట్ వైపు కొద్దిగా ఒరగాలి. నిటారుగా గెంతి గాలిలో పక్కకు పోదామంటే కుదరదు, చక్రం అంచుకు తగిలి వెనక్కి తన్నేస్తుంది. ఖాళీగా ఉన్న చేతిని కింద నుంచి పైకి విసురు, కాళ్లు పూర్తిగా సాగాక సీటు లాగి మోకాళ్లు ముడుచుకో. సీటుని కాళ్ల మధ్య నుంచి తీసి ముందుకు చాచి పట్టుకుంటే ఇంకా ఎత్తు వస్తుంది. ప్యాలెట్ల మీద ప్యాలెట్లు దూకేవాళ్లు అందరూ అంతే.

గుట్టదారి (బుధవారం ఉదయం 6:20)

సీటు ముందుకు తీయడం ఇప్పుడే నేర్పకు. ఎత్తు వస్తుంది నిజమే, తొడల మధ్య సీటు లేకపోతే చక్రాన్ని అదుపు చేసేది రెండు పాదాలూ ఒక చెయ్యీ మాత్రమే. గుట్ట మీద దూకి దిగిన మరుక్షణం మళ్లీ తొక్కాలి. సీటు ఎక్కడో ముందుంటే దాన్ని కిందికి తెచ్చుకునేలోపు కథ ముగుస్తుంది.

హాస్టల్_మెట్లు (బుధవారం ఉదయం 9:00)

మీరు దారి తొక్కేవాళ్లు, మేం మెట్లు ఎక్కేవాళ్లం. నా దగ్గరున్నది చిన్న ట్రయల్స్ చక్రం, తేలిక. మీ 24 తో నేను ఎక్కే ఎత్తు ఎక్కడం కష్టమే, ఒప్పుకుంటా. నా చక్రంతో మీ గుట్ట దిగమంటే ప్రతి గుంతలోనూ ఇరుక్కుంటుంది, అదీ ఒప్పుకుంటా.

ఒకేచక్రం_సైనిక్‌పురి (బుధవారం సాయంత్రం 6:30)

ఇద్దరూ ఒప్పుకున్నారు, సంతోషం. నా ఓటు మాత్రం గుట్టదారి గారికే. గుట్ట మీద నూటికి తొంభై చోట్ల ఎత్తు దూకే పనే పడదు. ఇరుక్కున్న చక్రాన్ని అరచేయి దూరం పక్కకు జరుపుకోవడానికి, ఒళ్లు తిప్పుకుని దారివైపు మళ్లడానికి, వాలులో ఎక్కగానే తూలకుండా నిలబడటానికి, వీటికే గెంతు. అడుగెత్తు గోడ ఎక్కినవాడు కూడా మట్టి వాలులో సైకిల్ ఎక్కలేక దాన్ని భుజాన వేసుకుని దిగడం చూశాను.

తమ్ముడూ, నువ్వు అక్కడక్కడే గెంతుతూ చుట్టూ తిరగడం ప్రాక్టీస్ చెయ్. ఒక్కో గెంతుకు గడియారం ముల్లు ఒక గంట కదిలినంత తిరుగు. ముందు భుజాలు తిరగాలి, వెనకే చక్రం వస్తుంది. రెండు దిక్కులా చెయ్. ఒక దిక్కు సులువుగా వస్తుంది, రెండోది ఏడిపిస్తుంది. అందరికీ అంతే.

కొత్తచక్రం_నాగోల్ (తర్వాతి ఆదివారం సాయంత్రం 7:00)

అప్‌డేట్. గడ్డి మీద ఆసరా లేకుండా నిలబడి గెంతుతున్నా. లెక్కపెట్టడం మానేశాను, అలసిపోయి దిగుతున్నానంతే. పడబోయే వైపుకే గెంతడం అన్న అక్క మాట బుర్రకెక్కిన రోజు నుంచి మారింది. ఫుట్‌పాత్ అంచు పక్క నుంచి ఎక్కడం కూడా వస్తోంది, కుడి వైపుకైతేనే.

ఇప్పుడు తొక్కుకుంటూ వచ్చి ఆగకుండా అలాగే దూకడం ఎలా? వేగంగా వస్తే ప్రతిసారీ పెడళ్లు నిలువుగా ఉన్నప్పుడే అంచు వచ్చేస్తోంది.

గుట్టదారి (తర్వాతి ఆదివారం రాత్రి 9:20)

అది లెక్క తమ్మీ. పెడళ్లు నిలువుగా ఉంటే కింది కాలు ఒక్కటే తోస్తుంది, పైకాలు దేనికీ పనికిరాదు, దూకలేవు. సమానంగా ఉండాలి, నీకు అలవాటైన కాలు ముందుండాలి. నీ చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు రెండు మీటర్లు పోతుంది. అంటే అలవాటైన కాలు ముందుకొచ్చే చోటు రెండు మీటర్లకు ఒకటే దొరుకుతుంది.

సుద్దముక్క తీసుకో. అంచు దగ్గర, దూకాల్సిన చోట చక్రం పెట్టి పెడళ్లు సమానం చెయ్. అక్కడి నుంచి సైకిల్‌ని వెనక్కి నడిపిస్తూ అదే కాలు పెడల్ మళ్లీ ముందుకొచ్చిన ప్రతి చోటా గీత గియ్. ఇక గీత మీద మొదలుపెట్టి తొక్కితే అంచు దగ్గర పెడళ్లు వాటంతట అవే సమానంగా ఉంటాయి. గుట్ట మీద గీతలుండవు కదా అంటావు. అక్కడ దూరం నుంచే రాయిని చూసి, అవసరమైతే ఒక చిన్న గెంతుతో లెక్క సరిచేసుకోవాలి. ఇది చూసీ చూసీ వస్తుంది.

దిగడం సంగతి. ఎత్తు నుంచి దిగాక చక్రాన్ని బిగబట్టి నిలపకు. దిగిన ఊపుతోనే పావు చుట్టు ముందుకు పోనివ్వు. దెబ్బ సగం అక్కడే పోతుంది.

నట్టూబోల్టూ (తర్వాతి సోమవారం ఉదయం 8:15)

దూకుడు మొదలైంది కాబట్టి ఒక మాట. క్రాంకు బోల్టులు వారానికోసారి చూడండి, టార్క్ రెంచ్ ఉంటే 40 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి. బేరింగ్ పోతే రాణిగంజ్ వెళ్లి ఏదో ఒకటి పట్టుకురాకండి. పాత నలుచదరం హబ్బులకు 6203 నంబరు సరిపోతుంది, లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. అది ప్రతి బేరింగ్ షాపులో దొరుకుతుంది. మీది ఐసిస్ హబ్ అయితే లోపల 22, బయట 42. మామూలు షాపులో ఉండే సైజు కాదు. సైకిల్ తెప్పించుకున్న చోటి నుంచే ఒక జత తెప్పించి పెట్టుకోండి.

గుట్టదారి (తర్వాతి సోమవారం రాత్రి 9:50)

ఇక నువ్వు గుట్టకు సిద్ధమే. మన ఊరి రాయి గురించి రెండు మాటలు, ఎందుకంటే బయటి వీడియోల్లో చూసేది తడి అడవి మట్టి, ఇక్కడిది వేరు.

మన గుండ్లన్నీ గ్రానైటు, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. గరుకు బండ మీద టైరు అతుక్కుని నిలబడుతుంది, గెంతడానికి అంతకన్నా మంచి నేల దొరకదు. ప్రమాదమంతా బండ మీద రాలిన మొరంతోనే. ఎండకు ఒరిసి రాలిన ఆ గులకల మీద చక్రం పెడితే కాళ్ల కింద జొన్నలు పోసినట్టే. గెంతి దిగే చోటుని ముందుగా ఒకసారి కాలితో ఊడ్చి చూడు. వానాకాలంలో నల్లగా మారిన బండ జోలికి పోకు, నాచు ఉంటుంది. మొరం దారి మాత్రం వాన పడిన మర్నాడు గట్టిపడి భలేగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదిరాక బండ మీద అరచెయ్యి పెట్టలేవు, పడితే కాలుతుంది కూడా.

సీసా పెంకులు చూసుకో. ఊరికి దగ్గర ఉన్న ఏ గుట్ట మీదైనా రాత్రి పార్టీల ఆనవాళ్లు తప్పవు. గుండ్ల సందుల్లో చేతులు పెట్టకు, తేళ్లుంటాయి.

ఒకేచక్రం_సైనిక్‌పురి (మంగళవారం ఉదయం 7:40)

నాదొక మనవి. మౌలాలి గుట్ట మాకు దగ్గరే, పైనున్నది దర్గా. ఆ మెట్ల మీద గెంతుతామని ఎవరూ బయల్దేరొద్దు. భక్తులు ఎక్కే మెట్లవి. ఖాజాగూడలోనూ రాళ్లెక్కేవాళ్లు తాళ్లు కట్టుకుని ఉంటారు, వాళ్ల కింద తిరగొద్దు. రాళ్లను కాపాడటానికి 1996 నుంచీ ఒక సొసైటీ పనిచేస్తోంది ఈ ఊళ్లో, సొసైటీ టు సేవ్ రాక్స్. వాళ్లు జనాన్ని వెంటబెట్టుకుని గుండ్ల మధ్య నడకలు పెడుతుంటారు. ఒకసారి వెళ్లి రండి, ఎక్కడ ఏం మిగిలిందో తెలుస్తుంది. గీతల కోసం రాయి మీద పెయింటు మాత్రం వేయకండి, సుద్దముక్క చాలు.

గేర్లుంటేనే_సైకిల్ (మంగళవారం రాత్రి 10:30)

నవ్వుకుంటూ మొదలుపెట్టి మొత్తం చదివాను. ఆ చక్రం ఒకసారి ఎక్కి చూడొచ్చా? గెంతను, కూర్చుంటానంతే.

హాస్టల్_మెట్లు (మంగళవారం రాత్రి 11:10)

కూర్చోవడమే కష్టమన్నా, గెంతడం తర్వాత సంగతి. షిన్ గార్డులు తెచ్చుకుని రండి.

కొత్తచక్రం_నాగోల్ (బుధవారం ఉదయం 6:50)

వచ్చే ఆదివారం పొద్దున్నే బయల్దేరుతున్నా. చివరి డౌటు. అటు వైపు దారంతా సర్కారు తుమ్మ. పోయినసారి ముల్లు వల్లే కదా ఇంత కథ నడిచింది. లావు టైరుకు పంక్చర్ రాకుండా ఏం చేస్తున్నారు మీరంతా?

నట్టూబోల్టూ (బుధవారం ఉదయం 8:05)

ట్యూబులో సీలెంట్ (రంధ్రం పడితే లోపలి నుంచి మూసే ద్రవం) పోయండి. వాల్వ్ లోపలి పిన్ను విప్పొచ్చే రకమైతేనే పోయడం కుదురుతుంది. మోటార్ సైకిల్ వాల్వ్ లాంటిదైతే ఆ పిన్ను ఏ పంక్చర్ షాపులోనైనా నిమిషంలో విప్పిస్తారు, చక్రం ఊడదీయనివ్వకండి చాలు. సన్న ముళ్లకు సీలెంట్ ఆగుతుంది, పెద్ద తుమ్మ ముల్లు పక్కగోడలోంచి దిగితే ఆగదు. కాబట్టి ఒక ట్యూబు, చిన్న పంపు, 15 నంబర్ పానా సంచిలో ఉండాలి. ముల్లు దిగిందని అక్కడికక్కడే పీకకండి, సీలెంట్ ఉంటే ఇంటికొచ్చేదాకా అదే బిరడా. పెట్రోల్ బంకులో గాలి కొట్టిస్తే బైకు లెక్కన ముప్పై దాటించేస్తారు, గుట్ట ఎక్కే ముందు వేలితో నొక్కి తగ్గించుకోండి.